ఒకే అడవిలో కుంకుడూ, నల్లజీడీ

పిల్లలూ! మీ తరగతిలో ఎవరి చేతుల మీదనైనా ఎర్రని దద్దుర్లూ, పగుళ్ళూ కనబడితే మీరేం చేస్తారు? నిజం చెప్పండి. పక్కనే కూర్చుంటారా, కాస్త దూరం జరుగుతారా?

మా ఆత్మకూరులో, నా తరగతిలోనే జరిగిన సంగతి చెబుతాను. ఆ రోజు ఆమ్లాలు, క్షారాల పాఠం. అందరికీ లిట్మస్ కాగితాలు పంచుతున్నాను. ఒక అమ్మాయి మాత్రం చేయి చాపలేదు. రెండు చేతులూ చున్నీ కింద దాచుకుంది. "ఏమ్మా, చూపించు" అంటే మెల్లగా బయటికి తీసింది. వేళ్ళ సందుల్లో చర్మం కందిపోయి ఉంది. అరచేతుల మీద పొలుసులు లేచాయి. కణుపుల దగ్గర పగిలి నెత్తురు చెమ్మ కనబడుతోంది. వెనక బెంచీ నుంచి ఎవరో "గజ్జి సార్, అంటుకుంటుంది" అన్నారు. ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదన్న సంగతి నేనప్పుడే గమనించాను. సైన్సు చెప్పే పంతులుగా సిగ్గుపడ్డాను.

తరువాత అడిగితే తెలిసింది. వాళ్ళమ్మ కూలికి వెళుతుంది. ఇంట్లో ఐదుగురి బట్టలు రోజూ ఈ పిల్లే ఉతుకుతుంది. "పొడి ఎంత వేస్తావమ్మా?" అన్నాను. "కొలతేమీ లేదు సార్. నురగ రాకపోతే ఇంకో పిడికెడు వేస్తాను" అంది. "ఎన్నిసార్లు జాడిస్తావు?" "ఒక్కసారే సార్. నీళ్ళు చాలవు."

డాక్టరుగారు చూసి అది గజ్జి కాదని తేల్చారు. గాఢమైన సబ్బునీళ్ళలో చేతులు రోజూ నానడం వల్ల వచ్చిన చర్మపు వాపు అది. ఎవరికీ అంటుకోదు. కాని ఆ పిల్లకు ఉచిత సలహాలు చాలానే అందాయి. ఖరీదైన ద్రవం కొనమని ఒకరు, రసాయనాలన్నీ మానేసి ప్రకృతిసిద్ధమైనవే వాడమని ఇంకొకరు. ఈ రెండు సలహాలూ సగం తప్పే అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

నీళ్ళ సంగతి

మా వైపు బోరు నీళ్ళ గురించి ఆడవాళ్ళు ఒక మాట అంటుంటారు: "ఈ నీళ్ళకు పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు." ఇది అచ్చమైన రసాయనశాస్త్రం. భూమి లోపలి రాళ్ళలోంచి వచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. దీన్నే కఠిన జలం అంటాం. నీళ్ళు కాచే బాన అడుగున తెల్లని పెచ్చు కట్టేది వీటివల్లే. తాగే నీటికి 2012 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు.

సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. కఠిన జలంలో వేయగానే అది కాల్షియంతో కలిసి, కరగని తెల్లని తెట్టుగా మారిపోతుంది. ముందు ఆ కాల్షియమంతా తీరాలి, ఆ తరువాతే నురగ. అంతవరకు అరిగిన సబ్బంతా దండగ. పైగా ఆ తెట్టు బట్టల పోగుల్లోనూ, మన ఒంటి మీదా అంటుకుపోతుంది. బట్టల పొడిలో ఉండే డిటర్జెంటు ఇలా తెట్టు కట్టదు. అందుకే బోరు నీటిలో అది బాగానే పనిచేస్తుంది. అయినా నురగ కొంత తగ్గుతుంది. తగ్గిందని మనం ఇంకో పిడికెడు వేస్తాం.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. నురగ అంటే గాలి బుడగలు. మురికిని లాగేది నీటిలో కరిగిన సబ్బు అణువులే గాని బుడగలు కావు. ముందు తలుపుండే ఉతికే యంత్రాల కోసం తయారుచేసే పొడులు కావాలనే తక్కువ నురగ వచ్చేలా చేస్తారు. వాటితో బట్టలు శుభ్రపడటం లేదా? అధికంగా వేసిన పొడి మురికిని అధికంగా వదిలించదు. అది మిగిలిపోతుంది. మొదట చేతుల మీద, తరువాత బట్టలో, చివరకు ఆ బట్ట కట్టుకున్న వాళ్ళ మెడ మీదా, నడుం దగ్గరా, చంకల్లోనూ.

చర్మం ఒక గోడ

మన చర్మపు పైపొర ఇటుకల గోడ లాంటిది. చనిపోయిన చదునైన కణాలు ఇటుకలు. వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థాలు సున్నపు అతుకు. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి దుష్టపదార్థాలు లోపలికి రాకుండా కాపాడేది ఈ గోడే. సబ్బుకు మురికిలోని జిడ్డు ఏదో, గోడలోని కొవ్వు ఏదో తేడా తెలియదు. రెండింటినీ కరిగిస్తుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొంచెం ఆమ్ల గుణం కలది. దాని పీహెచ్ సుమారు 5. చర్మంపై ఉన్న ఈ పలుచని ఆమ్ల కవచాన్ని గురించి షాడె, మార్కియోనీని అనే జర్మన్ శాస్త్రజ్ఞులు 1928లోనే వ్రాశారు. మామూలు ఒంటి సబ్బు నీటి పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. బట్టల సోడా కలిసిన పొడిదైతే ఇంకా ఎక్కువ. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే పది రెట్ల తేడా అని మీరు చదువుకున్నారు గదా! అయితే 5కూ 10కీ మధ్య తేడా ఎన్ని రెట్లు? లెక్క వేయండి. లక్ష రెట్లు! గట్టి చర్మం కొన్ని గంటల్లో తేరుకుంటుంది. సున్నితమైన చర్మం అంత త్వరగా తేరుకోదు. తేరుకునే లోపల మళ్ళీ మరుసటి రోజు ఉతుకుడు వచ్చిపడుతుంది.

కఠిన జలం వల్ల చర్మం మీద మిగిలే డిటర్జెంటు పెరుగుతుందని ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వారు 2018లో చూపించారు. అయితే నీటిని మృదువుగా మార్చే యంత్రం కొంటే సరిపోతుందా? ఆ దేశంలోనే, తామర వంటి చర్మపు జబ్బు ఉన్న 336 మంది పిల్లలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. యంత్రం పెట్టినందువల్ల జబ్బు అదనంగా ఏమీ తగ్గలేదు. కాబట్టి డబ్బు పెట్టి యంత్రం తెస్తే బాధ తీరిపోతుందనుకోవడానికి లేదు.

అడవి నేర్పే పాఠం

ఇప్పుడు ప్రకృతిసిద్ధమైన వస్తువుల సంగతికి వద్దాం. మా ఊరికి నల్లమల దగ్గర. ఆ అడవిలో కుంకుడు చెట్లున్నాయి. చెంచులు సేకరించే అటవీ ఫలసాయంలో కుంకుడుకాయ ఒకటి. గిరిజనుల వద్ద ఇలాంటి సరుకులు కొనడానికి 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇప్పటికీ పనిచేస్తోంది. కుంకుడుకాయలో సపోనిన్లు అనే నురగనిచ్చే పదార్థాలున్నాయి. ఈ చెట్టు శాస్త్రీయనామంలోని 'సపిండస్' అనే మాటకు 'భారతీయ సబ్బు' అని అర్థం. కుంకుడు రసం క్షారం కాదు, కొంచెం ఆమ్లం. ఆ లెక్కన అది చర్మానికి సబ్బుకంటె దగ్గరి చుట్టమే.

మరి దానివల్ల ఏ బాధా లేదా? తలంటి పోసేటప్పుడు కుంకుడు రసం కళ్ళలో పడి, మీరు కేకలు పెడితే అమ్మమ్మ నోట్లో ఉప్పుకల్లు వేసిన రోజులు గుర్తు తెచ్చుకోండి! సపోనిన్లు చేపల మొప్పలకు విషం కూడా.

అదే నల్లమలలో నల్లజీడి చెట్టు కూడా ఉంది. దాని గింజ తొడిమ దగ్గర గుచ్చితే నల్లని రసం వస్తుంది. బట్ట మీద పెడితే ఎన్ని ఉతుకులకూ పోదు. అందుకే పూర్వం చాకిరేవులో ఎవరి బట్టలేవో తెలియడానికి దానితో గుర్తులు పెట్టేవారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మన దేశానికి వచ్చిన అమెరికా సైనికులలో కొందరికి మెడ వెనుకా, నడుం దగ్గరా విచిత్రమైన పొక్కులు లేచాయి. సైనిక వైద్యులు పరిశీలించారు. సరిగ్గా చొక్కా మీద, లాగు మీద చాకలి గుర్తు ఎక్కడ ఉందో పొక్కులు అక్కడే ఉన్నాయి! 1943లో వారు ఆ సంగతిని 'ధోబీ గుర్తు చర్మవ్యాధి' అని పేరు పెట్టి అమెరికా వైద్య పత్రికలో ప్రకటించారు. దోషి నల్లజీడి రసం. మామిడి, జీడిమామిడి కూడా ఆ కుటుంబానివే. మామిడి సొన పెదవికి తగిలి పొక్కిన వాళ్ళు మీలో ఎంతమంది లేరు!

చూశారా? కుంకుడూ, నల్లజీడీ ఒకే అడవిలో పుట్టినవి. రెండూ ప్రకృతిసిద్ధమైనవే. రెండూ బట్టల పనికి వచ్చినవే. ఒకటి తల రుద్దుకోవడానికి పనికి వస్తుంది, రెండవది ఒళ్ళు పొక్కిస్తుంది. కనుక 'సహజం' అనే ఒక్క మాట చూసి ఏ వస్తువునూ మంచిదని నమ్మడానికి వీల్లేదు. ముఖం తెల్లబడుతుందని నిమ్మరసం రుద్దుకుని ఎండలోకి వెళ్ళేవాళ్ళు ఈ పాఠం మరీ గుర్తుంచుకోవాలి. నిమ్మరసం తగిలిన చోట ఎండ పడితే చర్మం కాలినట్లయి నల్లమచ్చలు పడతాయి.

'రసాయనం' అనే మాట చూసి భయపడటమూ అలాంటి తప్పే. నీరూ రసాయనమే, సపోనినూ రసాయనమే. అయితే వాటిలో నిజంగా చిక్కు తెచ్చేవి కొన్ని ఉన్నాయి. ముఖ్యంగా పరిమళాలు, సరుకు పాడవకుండా కలిపే కొన్ని పదార్థాలు. మిథైల్ ఐసోథయజోలినోన్ అనే అటువంటి పదార్థం ఐరోపాలో ఎంతోమందికి అలర్జీ తెచ్చింది. దాన్ని ఒంటికి రాసుకుని కడగకుండా వదిలేసే క్రీముల్లో వాడకూడదని అక్కడ 2017 నుంచి నిషేధించారు. ఏ పదార్థం, ఎంత గాఢత, ఎంతసేపు, ఎవరి చర్మం? ఈ నాలుగు ప్రశ్నలూ వేసుకోకుండా సున్నితమైనది ఏదో చెప్పడం కుదరదు.

అట్ట మీది మాటలు

అంగట్లో సబ్బుల అట్టల మీద 'మృదువైనది', 'అలర్జీ రానిది' అని పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంటుంది. ఈ మాటలకు విలువెంత? అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ 1975లో ఒక నియమం పెట్టింది. అలర్జీ తక్కువ అని వ్రాసుకునే కంపెనీ ముందుగా పరీక్షలు జరిపి రుజువు చూపాలని దాని సారాంశం. రెండు కంపెనీలు కోర్టుకెక్కాయి. 1977లో కోర్టు ఆ నియమాన్ని కొట్టివేసింది. అప్పటినుంచి ఆ దేశంలో ఆ మాటకు చట్టప్రకారం నిర్వచనమే లేదు. అట్ట ముందువైపు ఉన్నది ప్రకటన. చదవవలసింది వెనుకవైపు.

ఒంటి సబ్బు వెనుక 'టాయిలెట్ సోప్' అని ఉందా, 'బేదింగ్ బార్' అని ఉందా చూడండి. టాయిలెట్ సోపులో మొత్తం కొవ్వు పదార్థం భారతీయ ప్రమాణం ప్రకారం మొదటి శ్రేణికి కనీసం 76 శాతం, రెండో శ్రేణికి 70, మూడో శ్రేణికి 60 ఉండాలి. బేదింగ్ బార్‌కు 40 శాతం ఉన్నా చాలు. దీన్నే టీఎఫ్ఎం అని అచ్చువేస్తారు. అయితే ఇది సబ్బు ఎంత చిక్కనిదో మాత్రమే చెబుతుంది. చర్మానికి పడుతుందో లేదో చెప్పదు. 76 శాతం సబ్బు కూడా క్షారమే. చర్మం సున్నితమైనవాళ్ళు పదార్థాల పట్టికలో పరిమళం లేనిదాన్ని ఎంచుకోవడం మేలు. వాసన రాకపోయినంత మాత్రాన పరిమళం కలపలేదని అర్థం కాదు. ఒక వాసనను కప్పడానికి ఇంకొకటి కలిపి ఉండవచ్చు. పట్టికే సాక్ష్యం.

ఒంటి సబ్బులూ, క్రీములూ మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల కిందకు వస్తాయి. కనుక వాటిపై పట్టిక ఉంటుంది. కాని బట్టల పొడి పొట్లం తిప్పి చూడండి. చాలా పొట్లాల మీద పదార్థాల పూర్తి పట్టిక కనబడదు. ఐరోపాలో 2004 నాటి చట్టం ప్రకారం డిటర్జెంట్లలోని పదార్థాలు తెలియపరచడం తప్పనిసరి. ఇక్కడ కూడా అలాగే ఉండాలని నా గట్టి అభిప్రాయం. పరిమళం ఉందా, ఏ నిల్వ పదార్థం కలిపారు, బకెట్ నీటికి ఎంత పొడి చాలు, ఇవన్నీ కంటికి కనిపించే అక్షరాలలో, తెలుగులో కూడా అచ్చువేయాలి. ఆ పొడిలో చేతులు పెట్టేవాళ్ళకు అందులో ఏముందో తెలుసుకునే హక్కు లేదా?

పసుపు కాగితం పరీక్ష

పూర్తి పట్టిక వచ్చే దాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర లేదు. ఒక చిన్న ప్రయోగం చేయండి. పసుపును కాసిని నీళ్ళతో ముద్దగా కలిపి అద్దుడు కాగితం మీద పూసి ఆరబెట్టండి. ఆరాక చిన్న ముక్కలుగా కత్తిరించండి. పసుపు మరక పడిన చొక్కాకు సబ్బు తగిలితే ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది.

ఒక ముక్క మీద ఉతకని మామూలు బోరు నీటి చుక్క వేయండి. ఇది పోలికకు. రెండో దాని మీద బట్టలు నానబెట్టిన పొడి నీటి చుక్క, మూడో దాని మీద మొదటిసారి జాడించిన నీటి చుక్క, నాలుగో దాని మీద రెండోసారి జాడించిన నీటి చుక్క వేయండి. ఎరుపు ఎలా తగ్గుతుందో చూడండి. జాడించిన నీటి చుక్కకూ, మామూలు నీటి చుక్కకూ తేడా కనబడనప్పుడు క్షారం దాదాపుగా వదిలినట్లే. ఇప్పుడు పొడి సగానికి తగ్గించి అదే ప్రయోగం మళ్ళీ చేయండి. ఎన్ని జాడింపులు తగ్గాయో మీ నోటుపుస్తకంలో వ్రాయండి. కుంకుడు రసం చుక్క కూడా వేసి చూడండి. పసుపు రంగు మారదు.

ఈ పరీక్ష మా తరగతిలో చేసిన రోజున ఆ అమ్మాయి అన్న మాట నేను మరచిపోలేదు. "సార్, పొడి తక్కువ వేస్తే నీళ్ళు కూడా మిగులుతాయి గదా!" నీటి కరువు ఉన్న మా సీమ పిల్ల గనుక ఆ సంగతి నాకంటె ముందు ఆమెకే తట్టింది. మూడుసార్లు జాడించండి అని సలహా చెప్పడం తేలిక. బిందెలతో నీళ్ళు మోసేవాళ్ళకు ఆ సలహా పనికిరాదు. పొడి తగ్గించమనే సలహా అయితే పర్సుకూ, నీటికీ, చర్మానికీ మూడింటికీ మేలే.

ఉతికేముందు, రాసుకునేముందు

పొడిని చెంచాతో కొలిచి వేయండి. ముందు నీటిలో పూర్తిగా కరిగించి, ఆ తరువాతే బట్టలు ముంచండి. వాన నీరు దొరికితే చివరి జాడింపుకు దాచుకోండి. కొత్త బట్టలను ఒకసారి ఉతికి కట్టుకోండి. బట్టల సబ్బుతో స్నానం ఎన్నడూ చేయకండి. ఉతకడం కాగానే చేతులు మంచి నీటితో కడిగి, తడి పూర్తిగా ఆరకముందే పరిమళం లేని పెట్రోలియం జెల్లీ రాసుకోండి. మరీ వేడి నీళ్ళు పోసుకోవద్దు. క్రీము కొత్తది కొంటే మోచేతి మడత దగ్గర కొంచెం చోట రోజుకు రెండుసార్లు వారం పాటు రాసి చూసి, దురద లేకపోతేనే ముఖానికి వాడండి. సబ్బునూ, బట్టల పొడినీ మాత్రం అలా రాసి వదిలేయకూడదు.

దద్దురు వారంలో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో వాళ్ళందరికీ ఉంటే అది నిజంగానే గజ్జి కావచ్చు. దానికి మందు వేరు, ఇంటిల్లిపాదీ వాడాలి. అంతేగాని అంగట్లో ఎవరో చెప్పిన ట్యూబు కొని రాయవద్దు. చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్లు ఉంటాయి. రాయగానే తగ్గినట్లుంటుంది, వాడగా వాడగా చర్మం పలుచబడుతుంది. అందుకే 2018లో మన ప్రభుత్వం అటువంటి లేపనాలెన్నింటినో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నియమం చేసింది.

ఆ అమ్మాయి చేతులు నయం కావడానికి నెల దాటింది. గోడ మళ్ళీ కట్టుకోవాలి గదా! డాక్టరుగారి మందు, పొడి తగ్గింపు రెండూ పనిచేశాయి. మూడోది కూడా ఒకటి ఉంది. వాళ్ళన్న తన బట్టలు తాను ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. ఏ కంపెనీ అట్ట మీదా ఈ మందు పేరు ఉండదు.

ఇప్పుడామె పక్కన బెంచీలో ఇద్దరు కూర్చుంటున్నారు. మీ తరగతిలో కూడా ఎవరైనా చేతులు దాచుకుంటున్నారేమో చూడండి. దూరం జరగకుండా దగ్గరికి వెళ్ళి అడగండి: "పొడి ఎంత వేస్తున్నావు? ఎన్నిసార్లు జాడిస్తున్నావు?"